ఒక్క పంటి చుట్టే చిగురు వాస్తుంటే: దంత చికిత్స తర్వాత చిగుళ్ల నిపుణులను ఎప్పుడు, ఎలా సంప్రదించాలి

కింది దవడలో ఎడమవైపు మొదటి పెద్ద దవడ పన్ను. దంతవైద్యుల లెక్కలో దాని నంబరు 36. రూట్ కెనాల్ అయింది, క్యాప్ పడింది, నొప్పి పోయింది. కొన్ని నెలలు గడిచేసరికి బ్రష్ చేసినప్పుడల్లా అక్కడొక్కచోటే నెత్తురు కనిపిస్తుంది. నాలుకతో తాకితే చిగురు ఉబ్బెత్తుగా తగులుతుంది. పక్క పళ్లకు మాత్రం ఏ బాధా ఉండదు. ఇలాంటప్పుడు మన దగ్గర ఎక్కువగా జరిగేది తెలిసిందే. మెడికల్ షాపులో అయిదు రోజుల యాంటీబయాటిక్, దాంతోపాటు ఒక మౌత్‌వాష్ సీసా. వాపు దిగుతుంది. నెల తిరక్కుండానే మళ్లీ వస్తుంది.

నోరంతా బాగానే ఉండి, పని చేయించుకున్న ఒక్క పంటి దగ్గరే చిగురు చెడిందంటే ముందు ఆ పనినే అనుమానించాలి. క్యాప్ అంచు లోతుగా దిగి ఉండొచ్చు, సిమెంటు మిగిలిపోయి ఉండొచ్చు, పక్క పంటితో సందు ఏర్పడి ఉండొచ్చు, వేరు చీలి ఉండొచ్చు. ఇవన్నీ పరికరంతో తడిమి, కొలిచి పట్టుకోగలిగిన కారణాలు. మాత్రలు వీటి మీద పేరుకున్న సూక్ష్మజీవులను కొన్నాళ్లు అణుస్తాయి, అంతే. కారణం అక్కడే ఉంటుంది కాబట్టి వాపూ తిరిగొస్తుంది. చిగుళ్ల నిపుణుల దగ్గరికి, అంటే పెరియోడాంటిస్ట్ దగ్గరికి, వెళ్లేటప్పుడు ఇంకో మందు రాయించుకోవాలనే ఆలోచన పక్కనపెట్టి, ఈ కారణాల్లో ఏదో కొలిచి తేల్చమని అడగడం మంచిది.

ఎన్నాళ్లు ఆగి చూడొచ్చు

క్యాప్ కోసం పన్ను అరగదీసేటప్పుడు చిగురు కొంత గీరుకుపోతుంది. అచ్చు తీసేముందు చిగురుకూ పంటికీ మధ్య సన్నటి దారం దూర్చి చిగురును పక్కకు జరుపుతారు. కాబట్టి వారం పది రోజులు అక్కడ మంటగా ఉండటం, కొద్దిగా నెత్తురు రావడం సహజమే. ఆ దారం ముక్క లోపలే ఉండిపోయి చీము పట్టడం అరుదుగానైనా జరుగుతుంది. క్యాప్ అంటించి మూడు నాలుగు వారాలు దాటాక కూడా నెత్తురు, వాపు, దుర్వాసన, ఆహారం ఇరుక్కోవడం కొనసాగుతుంటే ఆగడం వల్ల లాభం లేదు.

పన్ను తీయించుకున్నవారి సంగతి వేరు. రెండు నుంచి నాలుగు రోజులకు తగ్గాల్సిన నొప్పి పెరిగి, చెవి దాకా లాగుతూ, నోరు వాసన వస్తుంటే అది చాలావరకు డ్రై సాకెట్, అంటే పన్ను తీసిన గుంటలో నెత్తురుగడ్డ నిలవకపోవడం. దానికి స్పెషలిస్టును వెతుక్కోనక్కర్లేదు. పన్ను తీసినవారే ఆ గుంటను కడిగి మందు పెడితే ఒకటి రెండు రోజుల్లో నెమ్మదిస్తుంది.

జ్వరం, దవడ కిందికో మెడలోకో పాకుతున్న వాపు, నోరు తెరవలేకపోవడం, మింగడం కష్టమవడం, ఊపిరి ఆడకపోవడం కనిపిస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం చూడకూడదు. అదే రోజు పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లాలి.

క్యాప్ అంచుకూ ఎముకకూ మధ్య దూరం

చిగుళ్ల నిపుణుల అవసరం ఎక్కువగా పడేది ఇక్కడే. సాధారణ క్లినిక్‌లో తరచూ దాటిపోయేదీ ఇదే. చిగురు అంచుకూ పంటికీ మధ్య సన్నటి గాడి ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నచోట ప్రోబ్, అంటే మి.మీ. గీతలున్న సన్నటి కొలత పుల్ల, పెడితే 1 నుంచి 3 మిల్లీమీటర్ల లోతు చూపిస్తుంది. గాడి అడుగు నుంచి ఎముక అంచు దాకా చిగురు పంటిని అంటిపెట్టుకుని ఉంటుంది. ఈ అతుకును 1961లో గార్గియులో బృందం కొలిచింది. పైపొర అతుకు సగటున 0.97 మి.మీ., దాని కింద పీచు కణజాలపు అతుకు 1.07 మి.మీ. అంటే రెండూ కలిపి 2 మి.మీ. పైచిలుకు. సగటు సగటే, మనిషి మనిషికీ పంటి పంటికీ తేడా ఉంటుంది. రిపోర్టులో దీన్ని కొందరు బయలాజిక్ విడ్త్ అని, కొత్త వర్గీకరణను పాటించేవారు సుప్రాక్రెస్టల్ అటాచ్‌మెంట్ అని రాస్తారు. రెండూ ఒకటే.

పుచ్చు చిగురు కిందికి పోయినప్పుడో, పన్ను అడుగుదాకా విరిగినప్పుడో క్యాప్ అంచును కూడా కిందికి దించాల్సి వస్తుంది. ఆ అంచు ఎముకకు మరీ దగ్గరగా వెళ్లిందంటే ఈ అతుకుకు చోటు ఉండదు. అందుకే అంచుకూ ఎముకకూ మధ్య సుమారు 3 మి.మీ. ఉండేలా చూసుకోవాలంటారు. అంత చోటు లేనప్పుడు శరీరమే ఆ దూరాన్ని తెచ్చుకోబోతుంది. పల్చటి చిగురైతే ఎముక కరిగి చిగురు కిందికి జారి క్యాప్ అంచు బయటపడుతుంది. దళసరి చిగురైతే జారకుండా అక్కడే ఎర్రగా, మెత్తగా ఉబ్బి, ముట్టుకుంటే చాలు నెత్తురొస్తుంది. ఎంత శుభ్రంగా తోముకున్నా ఈ ఎరుపు పోదు. "మీరు సరిగ్గా బ్రష్ చేయడం లేదు" అనే మాట విని విని విసిగిన రోగుల్లో ఇలాంటివారూ ఉంటారు.

దీన్ని తేల్చే పద్ధతి తేలికే. చిగురుకు మత్తిచ్చి, ప్రోబ్‌ను ఎముక తగిలేదాకా దించుతారు. చిగురు అంచు నుంచి ఎముకకు 4 మి.మీ., చిగురు అంచు నుంచి క్యాప్ అంచుకు 2.5 మి.మీ. వచ్చాయనుకుందాం. తేడా 1.5 మి.మీ. అంటే అతుకుకు కావలసిన చోటే చాలలేదు. ఇదే కొలత పంటి చుట్టూ నాలుగైదు చోట్ల తీయాలి. ఎందుకంటే అంచు చాలాసార్లు ఒక మూల మాత్రమే లోతుగా దిగుతుంది, ముఖ్యంగా రెండు పళ్ల మధ్య.

తేడా చాలలేదని తేలితే చెప్పే చికిత్స క్రౌన్ లెంగ్తెనింగ్. చిగురు తెరిచి, క్యాప్ అంచుకు కావలసినంత దూరం వచ్చేలా ఎముకను కొద్దిగా అరగదీసి, చిగురును కింద కుడతారు. వారం పది రోజులకు కుట్లు తీస్తారు. తర్వాత కొత్త క్యాప్‌కు తొందరపడకూడదు. వెనక పళ్లయితే 6 నుంచి 8 వారాలు, నవ్వితే కనిపించే ముందు పళ్లయితే 3 నుంచి 6 నెలలు ఆగాలి. చిగురు అంచు ఒక చోట స్థిరపడకముందే కొలత తీస్తే, కొన్ని నెలల తర్వాత క్యాప్ అంచు బయటికొచ్చి నల్లగానో పసుపుగానో గీత కనిపిస్తుంది.

అయితే ఈ ఆపరేషన్ అన్ని పళ్లకూ పనికిరాదు. కింది మొదటి దవడ పంటికి రెండు వేర్లు. బుగ్గవైపు పంటి మెడ నుంచి సుమారు 3 మి.మీ. దిగగానే అవి విడిపోతాయి. ఎముక అరగదీస్తే ఆ చీలే చోటు బయటపడి, అందులో పాచి చేరి, తోమడానికి అందని కొత్త సమస్య పుడుతుంది. పక్క పంటి ఎముకను కూడా కొంత తగ్గించక తప్పదు, అది ఏ తప్పూ చేయని పన్ను. వేరు పొట్టిగా ఉన్న పంటికి మిగిలిన పట్టు సరిపోకపోవచ్చు. అలాంటప్పుడు క్లిప్పులతో పంటిని కొద్దికొద్దిగా పైకి లాగడం ఒక దారి. పన్ను తీసేయడమే మేలని చెప్పాల్సిన సందర్భాలూ ఉంటాయి. ఆపరేషన్ చెప్పిన నిపుణులు ఈ లెక్కలు వేశారా లేదా అన్నది అడిగి తెలుసుకోవాలి.

సిమెంటు, పొంగిన అంచు, ఖాళీ సందు

క్యాప్ అంటించేటప్పుడు పక్కలకు పొంగిన సిమెంటును గట్టిపడగానే తీసేయాలి. చిగురు కిందికి జారిన ముక్క కంటికి కనిపించదు. ఎక్స్‌రేలో కూడా రెండు పళ్ల మధ్య ఉంటేనే కనిపిస్తుంది. బుగ్గవైపో నాలుకవైపో ఉంటే పంటి నీడలోనే కలిసిపోతుంది. కొన్ని సిమెంట్లు ఎక్స్‌రేలో సరిగా పడవు కూడా. అందుకే "ఎక్స్‌రే బాగుంది" అన్నంత మాత్రాన సిమెంటు లేదని అర్థం కాదు. సన్నటి ఎక్స్‌ప్లోరర్‌తో అంచు చుట్టూ తడిమితే గరుకు తగులుతుంది. ఇది దొరికితే రోగి అదృష్టమే. మత్తిచ్చి చేతి పరికరంతో గీకి తీస్తే ఒక్క సిట్టింగ్‌లో తేలిపోతుంది.

ఫిల్లింగ్ అయితే మధ్యకు పొంగిన అంచు సమస్య. రెండు దవడ పళ్ల మధ్య సిమెంటు పెట్టేటప్పుడు లోహపు పట్టీ బిగించి, కింద చిన్న చీల దూర్చకపోతే ఫిల్లింగ్ చిగురు మీదికి మెట్టులా పొడుచుకొస్తుంది. ఆ మెట్టు కింద పాచి చేరుతుంది, బ్రష్ అందదు. ఇది బైట్‌వింగ్, అంటే ఫిల్మును పళ్లతో కొరికిపట్టి తీసే, ఎక్స్‌రేలో స్పష్టంగా కనిపిస్తుంది. చిన్నదైతే అరగదీసి నునుపు చేయవచ్చు, పెద్దదైతే ఫిల్లింగే మార్చాలి.

ఇక ఖాళీ సందు. కొత్త క్యాప్‌కూ పక్క పంటికీ మధ్య తగులు వదులుగా ఉంటే తిన్న ప్రతిసారీ అక్కడే ఇరుకుతుంది. మటన్ పీచు, ములక్కాడ తొక్క, తోటకూర కాడ, ఏదీ వదలదు. ఎదురు పంటి మొన పదునుగా ఉండి సరిగ్గా ఆ సందు మీదే పడుతుంటే ఆహారాన్ని లోపలికి కుక్కుతుంది. భోజనం తర్వాత పుల్లతో పొడుచుకోవడం అలవాటై చిగురు మధ్య కొన అరిగిపోతుంది, సందు ఇంకా పెద్దదవుతుంది. దీనికి చిగురు ఆపరేషన్ అక్కర్లేదు. క్యాప్ మార్చడమో, పక్క పంటికి ఫిల్లింగ్ పెట్టి తగులు బిగించడమో చేయాలి. ఎదురు మొనను కాస్త గుండ్రం చేయాలి.

ఈ మూడింటినీ ఇంట్లో ఫ్లాస్ దారంతోనే కొంతవరకు పసిగట్టవచ్చు. నోట్లో మంచి పళ్ల మధ్య దారం దించితే టక్కుమని కాస్త గట్టిగా జారుతుంది. క్యాప్ పక్కన అసలు అడ్డే లేకుండా దిగితే సందు వదులుగా ఉన్నట్టు. ప్రతిసారీ ఒకే చోట చిక్కి పీచుపీచుగా తెగుతుంటే అక్కడ పొంగిన అంచో, గరుకో, సిమెంటో ఉన్నట్టు. అసలు దిగకపోతే సిమెంటు రెండు పళ్లనూ కలిపేసి ఉండొచ్చు. ఇది రోగ నిర్ధారణ కిందికి రాకపోయినా, "ముందువైపు సందులో దారం తెగుతోంది" అని చెప్పగలిగిన రోగి "అక్కడ ఏదోలా ఉంది" అనేవారికంటే నిపుణులకు ఎంతో సమయం మిగులుస్తారు.

లోహపు మిశ్రమం పడకపోవడం గురించి ఇంటర్నెట్‌లో చాలా కనిపిస్తుంది. మెటల్ సిరామిక్ క్యాప్‌లలో నికెల్ వాడటం మామూలే. గిల్టు నగలు పెట్టుకుంటే చర్మం దద్దురెక్కేవారు ఆ సంగతి ముందే చెప్పాలి. కానీ ఇది పై కారణాలతో పోలిస్తే అరుదు. చర్మవైద్యుల ప్యాచ్ టెస్ట్ లేకుండా అలర్జీ పేరుతో మంచి క్యాప్‌లు తీయించుకోవడం తొందరపాటే. చిగురు అంచున కనిపించే నల్లటి గీతను కూడా చాలామంది జబ్బనుకుంటారు. అది లోపలి లోహపు అంచు కనిపించడం. వాపు, నెత్తురు లేకపోతే అది అందానికి సంబంధించిన విషయం మాత్రమే.

రూట్ కెనాల్ అయిన పంటి పక్కన చీము పొక్కు

చిగురు మీద చిన్న పొక్కు లేచి, చితికి చీము కారి, కొన్నాళ్లకు మళ్లీ లేస్తుంటే అది చిగురు జబ్బులా కనిపించినా మూలం వేరు కొసలో ఉండొచ్చు. దారి ఎక్కడికి పోతుందో చూడటానికి ఆ రంధ్రంలోంచి సన్నటి గుట్టాపెర్చా (రూట్ కెనాల్‌లో నింపే రబ్బరు లాంటి పదార్థం) పుల్లను మెల్లగా దూర్చి ఎక్స్‌రే తీస్తారు. పుల్ల కొస ఎక్కడ ఆగితే మూలం అక్కడ. చౌకైన, ఎక్కడైనా చేయగలిగిన పరీక్ష ఇది.

ప్రోబ్ చెప్పే తేడా ఇంకా ముఖ్యం. చిగుళ్ల వ్యాధి వల్ల ఏర్పడిన లోతు సాధారణంగా వెడల్పుగా ఉంటుంది, 3, 5, 7, 6, 4 అన్నట్టు మెల్లగా దిగి మెల్లగా ఎక్కుతుంది. చుట్టూ 2, 3 చూపిస్తూ ఒకే ఒక్క బిందువు దగ్గర హఠాత్తుగా 9, 10 మి.మీ. దిగిపోతే రెండే ప్రధాన అనుమానాలు. వేరు కొసలోని చీము చిగురు పక్కనుంచి బయటికి దారి చేసుకుని ఉండాలి. లేదా వేరు నిలువుగా చీలి ఉండాలి. మొదటిదైతే రూట్ కెనాల్ మళ్లీ చేస్తే ఆ లోతు దానంతటదే మూసుకుపోయే అవకాశం బాగా ఉంటుంది. తొందరపడి ముందే వేరును గీకితే బతికి ఉన్న అతుకు కూడా చెడుతుంది. అందుకే ఇలాంటిచోట ముందు రూట్ కెనాల్ సంగతి తేల్చి, కొన్ని నెలలు ఆగి, మిగిలిన లోతుకే చిగుళ్ల చికిత్స చేస్తారు.

రెండోదైతే కబురు మంచిది కాదు. క్యాప్‌కు ఆధారంగా వేరు లోపల పోస్ట్, అంటే సన్నటి కడ్డీ, పెట్టిన పళ్లలో ఈ చీలిక భయం ఎక్కువ. దవడను త్రీడీలో చూపే సీబీసీటీ స్కాన్ తీసినా లోహపు పోస్ట్, క్యాప్ చుట్టూ చారలు పడి సన్నటి చీలిక కనిపించకపోవచ్చు. చిగురు తెరిచి, పెద్దది చేసి చూపే కటకంతో చూస్తేనే నిశ్చయం. ఒంటి వేరు పన్నయితే తీసేయాలి. బహు వేర్ల పంటిలో చీలిన వేరు ఒక్కదాన్నే తొలగించి మిగతాది నిలపడం కొన్నిసార్లు కుదురుతుంది. ఇక్కడ పెరియోడాంటిస్ట్ ఒక్కరి మాట చాలదు, రూట్ కెనాల్ నిపుణులు, అంటే ఎండోడాంటిస్ట్, కూడా చూడాలి.

పని మీద తప్పు లేనప్పుడు

క్లీనింగ్ తర్వాత పళ్ల మధ్య సందులు వచ్చాయని, పళ్లు కదులుతున్నాయని, జివ్వుమంటున్నాయని వచ్చే ఫిర్యాదులు చాలా. గార పట్టి చిగురు వాచి ఉన్నంతకాలం ఆ వాపు, ఆ గార కలిసి సందును నింపుతాయి. తీసేశాక వాపు దిగి చిగురు కిందికి వస్తుంది, అంతకుముందే కరిగిపోయిన ఎముక లోటు బయటపడుతుంది. జివ్వుమనడం కొన్ని వారాల్లో తగ్గుతుంది. క్లీనింగ్ పళ్లను వదులు చేస్తుందనే నమ్మకం మన ఇళ్లలో ఇంకా బలంగానే ఉంది. దాని వల్ల గార పెంచుకుని పళ్లు ఊడగొట్టుకునేవారే ఎక్కువ.

నోరంతా చాలాచోట్ల నెత్తురొస్తుంటే ఒక్క క్యాప్ మీద నెపం వేయలేం. షుగర్ అదుపులో లేకపోతే ఏ పని తర్వాతైనా చిగురు మానడం కష్టమే, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) రిపోర్టు మూడు నెలల లోపుది వెంట ఉండాలి. బీపీకి ఆమ్లోడిపిన్, మూర్ఛకు ఫెనిటోయిన్ వాడేవారిలో కొందరికి చిగుళ్లు పెరుగుతాయి. మందు మార్చాలా వద్దా అన్నది రాసిచ్చిన డాక్టరు తేల్చాల్సిన విషయం. సిగరెట్, బీడీ తాగేవారిలో నెత్తురు తక్కువగా కనిపిస్తుంది కాబట్టి, నెత్తురు లేదని ధైర్యపడటం వాళ్ల విషయంలో పొరపాటు.

ఎవరి దగ్గరికి, ఏం పట్టుకుని

బోర్డు మీద ఎండీఎస్ అని ఉన్నంత మాత్రాన చిగుళ్ల నిపుణులు కారు. బీడీఎస్ తర్వాత మూడేళ్ల ఎండీఎస్‌లో క్లిప్పులు, రూట్ కెనాల్, క్యాప్‌లు, సర్జరీ, పిల్లల పళ్లు ఇలా చాలా శాఖలున్నాయి. మనకు కావలసింది పెరియోడాంటాలజీ. ఫోన్లోనే అడగవచ్చు. చిన్న ఊళ్లలో ఈ నిపుణులు క్లినిక్‌లకు వారానికో రోజు వచ్చిపోతుంటారు. వచ్చే రోజు తెలుసుకుని వెళ్లడం మేలు. హైదరాబాద్, విజయవాడ, కడపల్లోని ప్రభుత్వ దంతవైద్య కళాశాలల్లో, ప్రైవేటు దంత కళాశాలల్లో పెరియోడాంటిక్స్ విభాగం ఉంటుంది. అక్కడ పూర్తి కొలతల పట్టిక రాయడం చదువులో భాగం కాబట్టి తీరిగ్గా కొలుస్తారు, ఖర్చూ తక్కువ. బదులుగా రెండు మూడు పూటలు కేటాయించుకోవాలి.

వెళ్లేముందు పని చేసినవారికి ఒక మాట చెప్పడం మర్యాదే కాదు, లాభం కూడా. చాలామంది పళ్ల డాక్టర్లు తమకు తెలిసిన నిపుణులకు చీటీ రాసిస్తారు. పనికి ముందు తీసిన ఎక్స్‌రే, తర్వాత తీసింది, పని జరిగిన తేదీలు, క్యాప్ రకం, పోస్ట్ పెట్టారా లేదా అన్న వివరం అడిగి తీసుకోవాలి. ముందు ఎక్స్‌రే విలువ ఎక్కువ. ఎముక అప్పటికే తగ్గి ఉందా, ఆ తర్వాత తగ్గిందా అన్నది దాంతోనే తెలుస్తుంది. ఎక్స్‌రేను ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే సన్నటి వివరాలు పోతాయి, అసలు ఫైలే అడగాలి. ఇవ్వడానికి ఎవరైనా నసిగితే, జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో రికార్డులు పొందే హక్కు, రెండో అభిప్రాయం తీసుకునే హక్కు రెండూ ఉన్నాయని గుర్తు చేయవచ్చు.

వాడుతున్న మందుల చీటీ తప్పనిసరి. ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ లాంటి, నెత్తురు గడ్డకట్టకుండా వాడే మందులు "పళ్ల పని ఉంది కదా" అని సొంతంగా ఆపకూడదు. ఎముకల బలానికి ఇచ్చే ఆలెండ్రోనేట్, జోలెడ్రోనిక్ యాసిడ్, డెనోసుమాబ్ వాడి ఉంటే ఎముకను తాకే ఏ ఆపరేషన్‌కైనా ముందు చెప్పి తీరాలి. అత్యవసరం లేకపోతే వెళ్లబోయే వారంలో మిగిలిపోయిన యాంటీబయాటిక్ మాత్రలు మింగి వాపు దించుకోవద్దు. దిగిన వాపును చూసి నిపుణులైనా ఏం చెప్పగలరు?

కుర్చీలో ఏం జరగాలి

చిగుళ్ల నిపుణుల అభిప్రాయానికి పునాది పట్టిక. పంటికి బుగ్గవైపు మూడు, నాలుకవైపు మూడు, మొత్తం ఆరు చోట్ల ప్రోబ్ పెట్టి లోతు చెబుతుంటే సహాయకులు రాసుకుంటారు. మన కళాశాలల్లో ఎక్కువగా కనిపించే విలియమ్స్ ప్రోబ్ మీద 1, 2, 3, 5, 7, 8, 9, 10 మి.మీ. దగ్గర గీతలుంటాయి. లెక్క తప్పకుండా ఉండటానికి 4, 6 గీతలు వదిలేశారు. 3 వరకు మంచిది. 4, ఆపైన వచ్చి నెత్తురు కూడా కనిపిస్తే దృష్టి పెట్టాలి. దీంతోపాటు చిగురు ఎంత జారిందో, పన్ను ఎంత కదులుతోందో, వేర్లు విడిపోయే చోట ప్రోబ్ దూరుతోందో లేదో రాస్తారు. ఒక్క పంటి కోసం వెళ్లినా నోరంతా కొలిపించుకోవాలి. తేడా ఆ ఒక్క పంటికే ఉందా అన్నది మిగతా అంకెలతో పోలిస్తేనే తెలుస్తుంది.

ఎక్స్‌రేల్లో దవడంతా ఒకేసారి చూపే ఓపీజీ ఇలాంటి ప్రశ్నకు చాలదు, అంచుల వివరం అందులో మసకగా ఉంటుంది. ఆ పంటికి నేరుగా తీసిన ఐఓపీఏ, దాంతోపాటు బైట్‌వింగ్ ఉంటే క్యాప్ అంచు, ఎముక అంచు రెండూ కనిపిస్తాయి. మామూలుగా ఎముక అంచు పంటి మెడ గీతకు 1.5 నుంచి 2 మి.మీ. కింద ఉంటుంది.

పట్టిక రాయకుండా, ఎక్స్‌రే చూడకుండా, నోట్లోకి తొంగి చూసి నాలుగు వైపులా ఫ్లాప్ సర్జరీ (చిగురు తెరిచి శుభ్రం చేసే ఆపరేషన్) అనో లేజర్ అనో ధర చెబితే అక్కడినుంచి లేచి రావచ్చు. లేజర్ ఒక పరికరం. లోతుగా దిగిన క్యాప్ అంచును అది పైకి తేలేదు. పైన చిగురును మాత్రమే కోసి, కింద ఎముకను అలాగే వదిలేస్తే కొన్ని నెలల్లో చిగురు మళ్లీ పెరిగి పాత చోటికే వస్తుంది. అభిప్రాయం కాగితం మీద ఉండాలి: పంటి నంబరు, కొలతలు, కారణం, చేయదగినవి, చేయకపోతే ఏమవుతుంది. కొత్త క్యాప్ ఎవరు వేయాలి, ఎన్ని వారాలకు వేయాలి అన్నది కూడా అందులో ఉండాలి. లేకపోతే చిగురు బాగుచేసినవారికీ క్యాప్ వేసేవారికీ మధ్య రోగి బంతి అవుతారు.

డబ్బు మాట వచ్చినప్పుడు క్యాప్ వారంటీ కార్డు తీసి చూపిస్తారు చాలామంది. జిర్కోనియా క్యాప్‌లకు ల్యాబ్ ఇచ్చే ఆ కార్డు సాధారణంగా క్యాప్ విరగడానికే వర్తిస్తుంది, చిగురు సమస్యకు కాదు. కానీ కొలతలతో కూడిన నిపుణుల చీటీ తీసుకెళ్తే, గొడవ లేకుండానే క్యాప్ మార్చి ఇచ్చే క్లినిక్‌లు ఉన్నాయి. "మీరు పాడు చేశారు" అని మొదలుపెడితే కుదరని సంగతి, "ముందువైపు అంచు ఎముకకు 1.5 మి.మీ. దూరంలోనే ఉందట" అంటే కుదరొచ్చు.

ఇంప్లాంట్ అయితే

ఇంప్లాంట్, అంటే పోయిన పంటి చోట ఎముకలో బిగించే లోహపు వేరు. దాని చుట్టూ చిగురు అతుకు సహజ పంటికున్నంత గట్టిగా ఉండదు. వాపు మొదలైతే ఎముక త్వరగా కరుగుతుంది. కాబట్టి ఇక్కడ నెల రోజుల ఓపిక కూడా పనికిరాదు. పళ్లు పెట్టిన మొదటి రోజుల్లో తీసిన ఎక్స్‌రే, కొలతలే తర్వాత పోల్చుకోవడానికి ఆధారం. అవి లేనప్పుడు 2017 అంతర్జాతీయ వర్గీకరణ ప్రకారం 6 మి.మీ. లేదా అంతకుమించిన లోతు, ప్రోబ్ పెట్టినప్పుడు నెత్తురు లేదా చీము, 3 మి.మీ. లేదా అంతకంటే ఎక్కువ ఎముక నష్టం ఉంటే పెరి-ఇంప్లాంటైటిస్ అంటారు. ఎముక నష్టం లేకుండా వాపు మాత్రమే ఉంటే దాన్ని వెనక్కి తిప్పవచ్చు.

సిమెంటు గొడవ ఇంప్లాంట్లలో మరీ ఎక్కువ. 2009లో వచ్చిన ఒక అధ్యయనంలో సన్నటి ఎండోస్కోప్‌తో చూస్తే, వ్యాధి ఉన్న ఇంప్లాంట్లలో 81 శాతం వాటి చుట్టూ మిగిలిపోయిన సిమెంటు దొరికింది. అది తీశాక 74 శాతం ఇంప్లాంట్ల చుట్టూ వ్యాధి లక్షణాలు పోయాయి. కాబట్టి మొదటి ప్రశ్న, క్యాప్ సిమెంటుతో అంటించారా, స్క్రూతో బిగించారా? స్క్రూ అయితే విప్పి శుభ్రం చేసి మళ్లీ బిగించవచ్చు. దానికి కంపెనీ పేరు, సైజు ఉన్న కార్డు కావాలి. ఒక్కో కంపెనీ స్క్రూకి ఒక్కో డ్రైవర్. కార్డు పోయిందంటే సరైన డ్రైవర్ వెతకడానికే వారాలు పడతాయి.

క్యాప్ మార్చేముందు ఒక పరీక్ష

సహజ పంటి విషయంలో కారణం ఇంకా తేలకపోతే అనుభవమున్న నిపుణులు తరచూ సూచించే దారి ఒకటుంది. పాత క్యాప్ కోసి తీసి, అంచులు నునుపుగా, తగులు సరిగ్గా ఉన్న తాత్కాలిక క్యాప్ పెడతారు. లోపల మిగిలిన సిమెంటు, గార అప్పుడే తీసేస్తారు. రోజుకు రెండుసార్లు మెత్తటి బ్రష్, రాత్రిపూట ఆ సందులో ఇంటర్‌డెంటల్ బ్రష్. క్లోర్‌హెక్సిడిన్ 0.2 శాతం మౌత్‌వాష్ 10 మిల్లీలీటర్లు, బ్రష్ చేసిన అరగంట తర్వాత, రెండు వారాలకు మించకుండా. మించితే పళ్లు గోధుమ రంగుకు తిరుగుతాయి, రుచి చెడుతుంది. ఆరు వారాల తర్వాత మళ్లీ అవే ఆరు చోట్ల కొలుస్తారు. నెత్తురు ఆగి 5 కాస్తా 3 అయితే తప్పు పాత క్యాప్‌దేనని తేలినట్టు, ఆ తాత్కాలిక క్యాప్ ఆకారాన్నే ల్యాబ్‌కు నమూనాగా పంపవచ్చు. అన్నీ సరిగ్గా ఉన్నా నెత్తురు ఆగకపోతే అంచు లోతు, వేరు చీలిక మిగులుతాయి. అప్పుడు మాత్రమే మత్తిచ్చి ఎముక దాకా కొలవడం, అవసరమైతే చిగురు తెరిచి చూడటం.